ఘాట్ ఎక్కితే ఆరిపోతుంది, చల్లారితే ఒక్క కిక్కు: బీఎస్ఏ ఎం20లో తప్పు మాగ్నెటోదా, పెట్రోలుదా?

చంద్రగిరి_ఎం20
బండి బీఎస్ఏ ఎం20, మిలిటరీ డిస్పోజల్‌లో వచ్చిన సైడ్ వాల్వ్ (వాల్వులు హెడ్డులో కాక సిలిండరు పక్కన ఉండే) 500 సీసీ. లూకాస్ మాగ్‌డైనో (బ్యాటరీ లేకుండానే స్పార్క్ పుట్టించే మాగ్నెటో, డైనమో కలిసినది), ఆమల్ 276 కార్బొరేటర్, అన్నీ ఒరిజినలే. ఊళ్లో, తిరుపతి బైపాస్ మీద ఎంత తిప్పినా ఏమీ కాదు. భాకరాపేట ఘాట్ సగం ఎక్కేసరికి ముందు ఒకటీ అరా మిస్సింగ్, తర్వాత సైలెన్సర్‌లో ఢాం అని ఒకటి, ఆపైన ఆరిపోతుంది. ఎన్ని కిక్కులు కొట్టినా ఉలకదు పలకదు. అరగంట నీడన పెడితే ఒక్క కిక్కుకే స్టార్ట్. కొత్త ప్లగ్గు వేసినా, కార్బొరేటర్ విప్పి కడిగినా మార్పు లేదు. ఒకరు పెట్రోలు మరిగిపోతోందంటారు, ఒకరు కాయిల్ అంటారు, ఇంకొకరు మాగ్నెటో పీకేసి బ్యాటరీ, కాయిల్ పెట్టుకోమంటారు. పీకే ఉద్దేశం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బుల్లెట్_చిత్తూరు
తలనీలాలు మొక్కుకో అన్నా. కొండ ఎక్కనంటోందంటే ఏదో పాత బాకీ ఉన్నట్టే.

రేణిగుంట_రన్నర్
పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు. వేడికి పైపులోనే ఆవిరైపోయి గాలి బుడగ అడ్డం పడుతుంది. చల్లారితే సర్దుకుంటుంది. లక్షణాలన్నీ అవే కదా.

సైడ్‌వాల్వ్
@రేణిగుంట_రన్నర్ పంపు ఉన్న కార్లలో ఆ బుడగ బాధ ఎక్కువ. ఎం20లో పెట్రోలు ట్యాంకు నుంచి కిందికి దానంతట అదే దిగుతుంది, పైపు జానెడు, ఫ్లోట్ చాంబరు ఇంజన్‌కు అంటుకోకుండా విడిగా గాలిలో వేలాడుతుంది. అసాధ్యమని అనను గానీ నా అనుమానాల్లో అది చివరిది.

మాగ్నెటోమామ
పెట్రోలా, స్పార్కా అన్నది బండి ఆరిన మొదటి రెండు నిమిషాల్లోనే తేల్చాలి. చల్లారినాక షెడ్డుకు తెస్తే ఎవరికీ ఏమీ దొరకదు. అందుకే నీకు ముగ్గురు మూడు చెప్పినారు.

సంచిలో ప్లగ్గు పానా, ఒక మంచి ప్లగ్గు, సైడ్ ఎలక్ట్రోడ్ కోసేసిన పాత ప్లగ్గు ఒకటి పెట్టుకుని ఘాట్ ఎక్కించు. ఆరిపోగానే కిక్కులు కొట్టొద్దు. ముందు ట్యాంకు మూత తెరువు. 'స్‌స్' అని గాలి లోపలికి పీల్చుకుందంటే మూతలో గాలి రంధ్రం పూడిపోయింది, పెట్రోలు దిగకపోవడానికి అదే కారణం. ఆ చప్పుడు లేకపోతే కార్బొరేటర్ టిక్లర్ (ఫ్లోట్‌ను కిందికి నొక్కే చిన్న పుల్ల) నొక్కు. రెండు మూడు సెకన్లలో పెట్రోలు పొంగి కారిందంటే పెట్రోలు దాకా అంతా బాగున్నట్టే.

తర్వాత ప్లగ్గు విప్పు, వేడిగా ఉంటుంది, గుడ్డ పెట్టి. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే స్పార్క్ లేదు. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. ఆఖరున, కోసిన ప్లగ్గును వైరుకు తగిలించి హెడ్డు ఫిన్‌కు ఆనించి కిక్ కొట్టు. మధ్య ఎలక్ట్రోడ్ నుంచి అంచుకు ఓ 5 మి.మీ. దూరం ఉంటుంది. నీలంగా, 'టిక్' మని దూకాలి. సన్నగా పసుపుగా వచ్చినా, అసలు రాకున్నా నీ జవాబు అదే.

ప్లగ్గు హోల్‌కు దూరంగా పెట్టి చూడు. తడిసిన సిలిండరు లోంచి పెట్రోలు చిమ్ముతుంది, దాని ముందర స్పార్క్ ఆడిస్తే బండితోపాటు మీసం కూడా పోతుంది. ఇంకొకటి, వైరును ఊరికే గాల్లో వదిలి కిక్ కొట్టొద్దు. దూకే దారి లేని ఓల్టేజీ పాత వైండింగ్ లోపలే దారి వెతుక్కుంటుంది.

పీలేరు_పిస్టన్
దీనికి ముందు ఇంకొకటి జూడాల. వేడి మీద కిక్కర్ ఎట్లా ఉండాది? మామూలు బరువు ఉండాదా, ఊరికే జారిపోతాందా? జారిపోతే టాపెట్లు, అంటే వాల్వులను నెట్టే ముక్కల కాడి గ్యాప్. సైడ్ వాల్వ్ బండికి ఎగ్జాస్ట్ వాల్వ్ కాడ వేడికి సాగుతుంది, గ్యాప్ తక్కువుంటే వాల్వ్ కూర్చోదు, కంప్రెషన్ పోతుంది. చల్లారితే మళ్లీ కూర్చుంటుంది. స్పార్క్ పోయినప్పటి లక్షణమే ఇదీ.

సైడ్‌వాల్వ్
పీలేరు చెప్పింది సరైన మాట. ఎం20కి చల్లటి ఇంజన్ మీద ఇన్‌లెట్ 10 థౌ, ఎగ్జాస్ట్ 12 థౌ. మిల్లీమీటర్లలో 0.25, 0.30. బుల్లెట్ అలవాటుతో జీరో పెట్టేవాళ్లున్నారు. పాత బుల్లెట్‌లో పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు, అది ఆ బండికే. ఎం20కి అలా పెడితే ఘాట్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు కాలిపోతుంది.

చంద్రగిరి_ఎం20
టాపెట్లు 10, 12 ఉన్నాయి, చూసినాను. వేడి మీద కిక్కర్ బరువుగానే ఉంది. మామ చెప్పిన పరీక్ష ఆదివారం చేస్తాను.

పానాపెట్టె
ఆదివారం లోపల ఇంట్లో కూర్చుని చేయదగ్గవి ఉన్నాయి. రూపాయి ఖర్చు లేనివి.

సీబీ (కాంటాక్ట్ బ్రేకర్, స్పార్క్ కోసం కరెంటు తెంపేది) పాయింట్ గ్యాప్ 12 థౌ, అంటే 0.30 మి.మీ. ఎక్కువ తెరుచుకున్న చోట కొలవాలి. పాయింట్లు కాలి గుంటలు పడి ఉంటే సన్నటి స్టోన్‌తో రెండు ముఖాలూ సమంగా రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడువు. గరుకు కాగితం వద్దు, దాని పొడి పాయింట్లలోనే దిగబడుతుంది. పాయింట్లను నెట్టే ఫైబర్ ముక్క బిగుసుకుందేమో వేలితో కదిలించు. వేడికి, తేమకు ఉబ్బి పాయింట్ మూసుకోకుండా ఆగిపోతుంది, మన వానాకాలంలో ఎక్కువ.

తర్వాత పికప్. హెచ్‌టీ (ప్లగ్గుకు పోయే హై టెన్షన్) వైరు దూరే బేకలైట్ ముక్క విప్పితే లోపల కార్బన్ బ్రష్, స్ప్రింగు ఉంటాయి. బ్రష్ అరిగి పొట్టిదైతే మార్చు. ఆ రంధ్రంలోంచి పెన్సిలుకు పెట్రోలు గుడ్డ చుట్టి, బ్రష్ ఆనుకునే స్లిప్ రింగు మీద ఆనించి ఇంజన్ మెల్లగా తిప్పు. గుడ్డకు నల్లగా కార్బన్ పొడి అంటుకుంటుంది. ఆ పొడి, దానికి తోడు నూనె చేరితే స్పార్క్ ప్లగ్గుకు పోకుండా బాడీకి పారిపోతుంది. పికప్ బేకలైట్ మీద వెంట్రుక లాంటి నల్లటి గీత కనిపిస్తే అది కాలిన దారి, కడిగితే పోదు, ముక్క మార్చాల్సిందే. ఎర్త్ బ్రష్‌నూ మరిచిపోవద్దు.

కొత్తగా_నార్టన్
థౌ అంటే?

పానాపెట్టె
అంగుళంలో వెయ్యో వంతు. ఫీలర్ గేజ్ బ్లేడు మీద రెండూ రాసి ఉంటాయి.

బుల్లెట్_చిత్తూరు
@చంద్రగిరి_ఎం20 కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చేసి చెప్పు, ఆ పాయింట్ మూత చివరిసారి ఎప్పుడు తెరిచినావు?

చంద్రగిరి_ఎం20
ప్రమాణాల దాకా వద్దులే అన్నా.

జావా_పలమనేరు
మాగ్నెటో గొడవంతా మాకు లేదు సామీ. ఆరు ఓల్టుల బ్యాటరీ, కాయిలు, కండెన్సరు బయటే కనపడతాంది. పోతే పీకి ఇంకోటి బిగించేదే.

సైడ్‌వాల్వ్
బ్యాటరీ డౌన్ అయితే మొగిలి ఘాట్‌లో తోసేది కూడా మీరే.

చంద్రగిరి_ఎం20
ఘాట్ ఎక్కించినాను. అదే చోట, పై మలుపులకు ముందు ఆరింది. ట్యాంకు మూత తెరిస్తే చప్పుడు లేదు. టిక్లర్ నొక్కగానే పెట్రోలు పొంగింది. ప్లగ్గు తడి. కోసిన ప్లగ్గు మీద స్పార్క్ సున్నా, మంచి ప్లగ్గు మీద ఎప్పుడో ఒకసారి సన్నగా పసుపు. చల్లారినాక అదే కోసిన ప్లగ్గు మీద నీలంగా దూకింది. పాయింట్ గ్యాప్ 12, స్లిప్ రింగు తుడిచే వెళ్లినాను.

రేణిగుంట_రన్నర్
సరే, పెట్రోలు కాదు. ఎథనాల్ మీద నా మాట మాత్రం వెనక్కి తీసుకోను, దాని సంగతి తర్వాత.

మాగ్నెటోమామ
ఇక మిగిలింది రెండే. ఆర్మేచర్ (మాగ్నెటో లోపల తిరిగే, తీగ చుట్టిన భాగం) లోపలి కండెన్సర్, లేదా హెచ్‌టీ వైండింగ్. ఎక్కువసార్లు కండెన్సరే.

ఎందుకంటే మాగ్‌డైనోలో కండెన్సర్ బయట ఉండదు, ఆర్మేచర్ చివర పొదిగి, దాంతోపాటే తిరుగుతుంది. పాతకాలపు ఇన్సులేషన్, డెబ్బై ఎనభై ఏళ్ల వయసు. వేడెక్కేకొద్దీ లీకేజీ పెరుగుతుంది. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో ప్రైమరీ కరెంటు టక్కున తెగాలి, అప్పుడే హెచ్‌టీ పుడుతుంది. కండెన్సర్ లీకైతే కరెంటు తెగదు, సాగుతుంది. ఎం20లో మాగ్నెటో సిలిండరు వెనకాల, గాలి తగలని చోట కూర్చుంది. బైపాస్ మీద ఆ మూలకు కొంచెం గాలి దూరుతుంది, ఘాట్‌లో రెండో గేరులో ఇరవై ముప్ఫై స్పీడుతో పోయేటప్పుడు ఏమీ ఉండదు.

రెండింటిలో ఏదో చూడాలంటే: చీకట్లో మూత తీసి కిక్ కొట్టించి పాయింట్లు చూడు. పాయింట్ల మధ్య తెల్లగా, లావుగా స్పార్క్ ఆడుతుంటే కండెన్సర్ పూర్తిగా తెగింది. దాన్ని ఖాయం చేసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. నీ పాయింట్ మూత మీద, ఇంజన్ ఆపే కటౌట్ వైరు టెర్మినల్ ఉందా? ఉంటే దానికీ బాడీకీ మధ్య 0.2 మైక్రోఫారడ్ దగ్గరి కారు కండెన్సర్ ఒకటి తాత్కాలికంగా కట్టు. మూత లోపలి బ్రష్ ద్వారా అది పాయింట్లకు సమాంతరంగా కలుస్తుంది. స్పార్క్ నీలమైతే దొంగ దొరికినట్టే. మారకపోతే మాత్రం కండెన్సర్ నిర్దోషి అనుకోవద్దు. లీకయ్యే కండెన్సర్ పక్కన ఎన్ని మంచివి కట్టినా లీకు ఆగదు.

పానాపెట్టె
ఈ పరీక్ష కూడా వేడి మీదే చేయాలి. దానికోసం ఘాట్ దాకా పోనక్కర్లేదు. హేర్ డ్రయ్యర్‌తో మాగ్నెటో బాడీని చెయ్యి ఆనించలేనంత వేడి చేస్తే చాలు. బండి మీంచి దించి ఉంటే ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర గంటసేపు. అంతకు మించొద్దు, వైండింగ్ మీది పాత లక్క కరిగి ఆర్మేచర్‌కూ బాడీకీ మధ్య అంటుకుంటుంది. దించాక పాయింట్ రంధ్రంలోంచి నల్లటి జిగురు కారి ఉంటే అది ఇప్పటికే మొదలైనట్టు.

చంద్రగిరి_ఎం20
ఓవెన్ వంటింట్లోది. ఇంట్లో ఒప్పుకోరు.

బుల్లెట్_చిత్తూరు
చిత్తూరు మే ఎండలో మేడ మీద పెట్టు, అదే 70 అవుతుంది.

పీలేరు_పిస్టన్
మల్టీమీటరు పెట్టి చూడరాదా?

మాగ్నెటోమామ
@పీలేరు_పిస్టన్ వైండింగ్ తెగిందా లేదా అన్నంతవరకు చూడొచ్చు. ప్రైమరీ అర ఓమ్ దగ్గర, సెకండరీ అయిదు వేల ఓమ్‌లకు అటూఇటూ వస్తుంది. కండెన్సర్ మాత్రం అట్లా దొరకదు. అది ప్రైమరీ మీదే కలిపి టంకం వేసి ఉంటుంది, విడదీయకుండా కొలిస్తే వైండింగే చూపిస్తుంది. విడదీసినా మల్టీమీటరు ఇచ్చే ఓల్టేజీకి లీకు బయటపడదు. 250 లేదా 500 ఓల్టుల మెగ్గర్ (ఎక్కువ ఓల్టేజీ మీద ఇన్సులేషన్ లీకు కొలిచే మీటరు) కావాలి, కరెంటు పని చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. సెకండరీ ఓమ్‌లు సరిగ్గా ఉన్నాయని వైండింగ్ బాగున్నట్టు కూడా కాదు. పక్కపక్క చుట్ల మధ్య వేడి మీద దూకే షార్టు ఓమ్‌లలో కనిపించదు.

చంద్రగిరి_ఎం20
టెర్మినల్ ఉంది. డ్రయ్యర్‌తో వేడి చేసి చూసినాను. వేడి మీద పాయింట్లలో కొంచెం తెల్లటి స్పార్క్ ఉంది, బయట కండెన్సర్ కడితే ప్లగ్గు మీద కొంచెం మెరుగు, కానీ పూర్తిగా నీలం కాలేదు. అంటే?

మాగ్నెటోమామ
కండెన్సర్ సగం చచ్చింది, లీకు కూడా ఉంది. ఆర్మేచర్ బయటికి తీయాల్సిందే.

విప్పే ముందు ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. మాగ్నెటో బాడీ మీద స్లిప్ రింగుకు ఎదురుగా సేఫ్టీ గ్యాప్ స్క్రూ ఉంటుంది. పికప్, ఎర్త్ బ్రష్, ఈ స్క్రూ మూడూ తీయకుండా ఆర్మేచర్ లాగితే స్లిప్ రింగు పగులుతుంది. మాగ్నెటోలు చెడేది నడిపి కాదు, ఈ స్క్రూ తెలియని చేతుల్లో పడి. పినియన్ టేపర్ మీద ఉంటుంది, పుల్లర్‌తో లాగు, స్క్రూడ్రైవర్ దూర్చి కొట్టొద్దు. ఆర్మేచర్ వెనకాల సన్నటి షిమ్‌లు ఉంటాయి, ఏ వైపువి ఆ వైపు విడిగా దారానికి కట్టిపెట్టు.

ఆర్మేచర్ తీసిన వెంటనే మాగ్నెట్ కాళ్లను కలుపుతూ ఇనుప ముక్క పెట్టు. పాత గుర్రపునాడా మాగ్నెట్ అయితే అట్లా వదిలేస్తే శక్తి దిగిపోతుంది, మళ్లీ మాగ్నటైజ్ చేయించాలి.

సైడ్‌వాల్వ్
టైమింగ్ గుర్తు పెట్టుకోవడం మరిచావు మామా. విప్పేముందు పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పాయింట్లు విడిపోయే చోటికి తెచ్చి, టీడీసీకి (పిస్టన్ చేరే అన్నిటికన్నా పై చోటుకు) ఎంత కిందుందో కడ్డీతో కొలిచి రాసుకోవాలి. ఇగ్నిషన్ లివర్ ఫుల్ అడ్వాన్స్‌లో (స్పార్క్ బాగా ముందుగా పడేలా) ఉంచి. పాయింట్లు విడిపోయే క్షణం పట్టడానికి బీడీ కట్ట మీది పలచటి కాగితం వాటి మధ్య పెట్టి మెల్లగా లాగు. కాగితం వదిలిన చోటే స్పార్క్.

పానాపెట్టె
సిగరెట్ పేపరు చాలు, బీడీ కట్ట దాకా ఎందుకు.

రేణిగుంట_రన్నర్
ఇంత విప్పే బదులు పాయింట్ల ప్లేటు కిందనే చిన్న కండెన్సర్ అమర్చే కిట్లు ఇంగ్లండులో దొరుకుతాయి కదా. ఆర్మేచర్ కదపనక్కర్లేదు.

మాగ్నెటోమామ
దొరుకుతాయి, మంచివే. పాయింట్లతోపాటు తిరిగే ప్లేటు మీదే కూర్చుంటాయి. పాత కండెన్సర్ ఊరికే తెగిపోయినప్పుడు అవి చాలు. లీకవుతుంటే పాతదాన్ని తెంపకుండా ఇవి ఎంత పెట్టినా సగం పనే. ఇతనిది లీకు.

ఆర్మేచర్ తీసినాక పాత కండెన్సర్ తొలగించి, 0.15 నుంచి 0.22 మైక్రోఫారడ్ మధ్య, 630 ఓల్టుల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ చిన్న సైజుది పెట్టి ఎపాక్సీ పోయడం ఒక పద్ధతి. తిరిగే ఆర్మేచర్ మీద ఉంటుంది కనుక వైర్లు ఎక్కడా కదలకూడదు, ఎపాక్సీలో గాలి బుడగ ఉండకూడదు. వైండింగ్ కూడా అంతే వయసుది కాబట్టి ఒకేసారి రీవైండ్ చేయించు, మళ్లీ ఏడాదికి విప్పే పని తప్పుతుంది.

పీలేరు_పిస్టన్
రీవైండింగు మోటార్లు చుట్టే షాపుల్లో చేపించొద్దు. సెకండరీ తీగ వెంట్రుక కన్నా సన్నం, వేలకొద్దీ చుట్లు, పొర పొరకీ కాగితం. వాళ్లు పంపుసెట్టు లెక్కన చుట్టి వార్నీషు పూస్తారు. చల్లగా బాగనే ఉంటాది, వేడికి మళ్లా మొదలు. మాగ్నెటో పని మాత్రమే చేసేవాళ్లకే పంపించు. పంపేముందు 'వేడి మీద టెస్టు చేసి ఇస్తారా' అని అడుగు. ఆ ప్రశ్నకు వాళ్లు చెప్పే జవాబును బట్టి పంపాలో వద్దో తెలిసిపోతాది.

సైడ్‌వాల్వ్
ఒక సంగతి ఎవరూ అడగలేదు. @చంద్రగిరి_ఎం20 ఘాట్‌లో ఇగ్నిషన్ లివర్ ఎక్కడ పెడుతున్నావు?

చంద్రగిరి_ఎం20
కింద నుంచే సగం రిటార్డ్ (స్పార్క్ ఆలస్యంగా పడేలా). లేకపోతే టకటకమని కొడుతుంది.

సైడ్‌వాల్వ్
సగం వేడి అక్కణ్నుంచే వస్తోంది. రిటార్డ్‌లో మంట ఆలస్యంగా మండి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, సిలిండరు, ఎగ్జాస్ట్ పోర్టు, పైపు కాగిపోతాయి. పైపు మొదట్లో నీలిరంగు తిరిగి ఉంటే సాక్ష్యం అదే. లివర్ ఫుల్ అడ్వాన్స్‌లో ఉండాలి. గుంజలేక టకటక కొట్టినప్పుడు కొంచెం వెనక్కి లాగి, గేరు మార్చి, మళ్లీ ముందుకు నెట్టాలి.

దాదాపు 5:1 కంప్రెషన్ ఉన్న ఇంజన్ మామూలు పెట్రోలు మీద టకటక కొట్టకూడదు. కొడుతోందంటే హెడ్డులో కార్బన్ పేరుకుంది. సైడ్ వాల్వ్ కాబట్టి వాల్వులు కదపకుండానే హెడ్డు లేస్తుంది, ఒక పూట పని. బోల్టులు ఒక్కోటి పావు చుట్టు చొప్పున ఎదురెదురుగా వదులు. అల్యూమినియం హెడ్డయితే ఇనుప గోకుడు వద్దు, ఇత్తడి రేకు లేదా గట్టి చెక్క. పిస్టన్ అంచు చుట్టూ ఒక సన్నటి రింగు కార్బన్ వదిలేయి, ఆయిల్ పైకి రాకుండా అది అడ్డం. రాగి గ్యాస్కెట్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, మళ్లీ వాడుకోవచ్చు. బిగించి, ఒకసారి వేడయ్యాక చల్లారనిచ్చి మళ్లీ బిగించు.

జావా_పలమనేరు
రాగిని కాల్చి నీళ్లల్లో ముంచితే గట్టి పడదా?

పానాపెట్టె
గట్టిపడేది ఉక్కు. రాగి మెత్తబడుతుంది.

రేణిగుంట_రన్నర్
ఇప్పుడు నా వంతు. కార్బన్ ఒకటే కాదు, లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) మిక్స్చర్ కూడా వేడి పెంచుతుంది. పెట్రోలుకు 14.7 వంతుల గాలి చాలితే, 20 శాతం ఎథనాల్ కలిసినదానికి 13.5 దగ్గర చాలు. జెట్ మాత్రం పాతదే. అంటే ఏడెనిమిది శాతం లీన్. ప్లగ్గు తెల్లగా కాలుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి, ఆమల్‌లో 170 ఉంటే 180. నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, మధ్య థ్రాటిల్‌లో రిచ్ అవుతుంది.

సైడ్‌వాల్వ్
ఇందులో నీతో పేచీ లేదు. పెంచినాక ఊళ్లో తిప్పి కాదు, ఘాట్‌లో ఫుల్ థ్రాటిల్ మీద ఎక్కుతుండగా క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి ప్లగ్గు చూడాలి. ఐడిల్‌లో తిరిగిన ప్లగ్గు మెయిన్ జెట్ గురించి ఏమీ చెప్పదు.

కొత్తగా_నార్టన్
100 ఆక్టేన్ పెట్రోలు పోస్తే చల్లగా నడుస్తుందా?

సైడ్‌వాల్వ్
లేదు. ఆక్టేన్ టకటక ఆపడానికే. ఈ కంప్రెషన్‌కు అది అక్కర్లేదు. డబ్బు ఎక్కువుంటే నాకు ఒక జత చెయిన్లు కొనిపెట్టు.

చంద్రగిరి_ఎం20
మాగ్నెటో దించే పనిలో ఉన్నాను. 14 పానా నట్టు మీద జారుతోంది, 13 పట్టదు. తలలు ఇప్పటికే గుండ్రంగా ఉన్నాయి.

పానాపెట్టె
మెట్రిక్ పానాలు పక్కన పెట్టేయి. ఇది విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు అంగుళాల కొలత) బండి. ఆ పానా మీద రాసిన అంకె బోల్టు మందానిది, నట్టు వెడల్పుది కాదు, అందుకే అందరూ తికమక పడతారు. పావంగుళం విట్‌వర్త్ పానా వెడల్పు 13.3 మి.మీ., అందుకే 13 పట్టదు, 14 జారుతుంది. 3/16 అయితే 11.3. 5/16 అయితే 15.2. 3/8 సరిగ్గా 18 మి.మీ. వస్తుంది, ఆ ఒక్కదానికి మెట్రిక్ పానా వాడొచ్చు. బీఎస్ఎఫ్ (సన్నటి మర ఉన్న ఇంగ్లీషు రకం) బోల్టు అయితే ఒక సైజు జరుగుతుంది: పావు విట్‌వర్త్ పానాయే 5/16 బీఎస్ఎఫ్‌కు. పాత బుల్లెట్ వాళ్ల దగ్గర సెట్లు ఉంటాయి, అడిగి తెచ్చుకో.

లేత్ షాపులో కొత్త బోల్టు చేయిస్తే మరను గేజ్‌తో కొలవమను. సైకిల్ మర అంగుళానికి 26 చుట్లు, కంటికి బీఎస్ఎఫ్ లాగే ఉంటుంది, రెండు చుట్లు ఎక్కి బిగుస్తుంది. అక్కడ బలంగా తిప్పితే క్రాంక్‌కేస్ మర పోతుంది.

బుల్లెట్_చిత్తూరు
నా విట్‌వర్త్ సెట్టు అడగొద్దు. పెళ్లాం నగలైనా తాకట్టుకు ఇస్తా గానీ అది మాత్రం ఇవ్వను.

జావా_పలమనేరు
ఎక్కేదే మాట్లాడతా ఉండారు, దిగేది ఎవురూ చెప్పలా. మొగిలి ఘాట్ దిగేటప్పుడు టూస్ట్రోక్ వాళ్లకు ఒక మాట. మా జావాలకు ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోస్తాం, ఇప్పటి 2టీ ఆయిలుకు 1:30 లెక్క. థ్రాటిల్ మూసేసి గేరు మీద దిగితే చక్రం ఇంజన్ను తిప్పతా ఉంటాది, పెట్రోలు పోదు కాబట్టి ఆయిలూ పోదు. పిస్టన్ పట్టేసుకుంటాది, వెనక చక్రం జామ్. పది పదిహేను సెకన్లకు ఒకసారి క్లచ్ పట్టి థ్రాటిల్ రవంత తిప్పి వదలాల.

కొత్తగా_నార్టన్
జావాలో గేరు లివరే కిక్కర్ కదా, గేరు వేయబోయి కిక్ కొట్టేస్తారా?

జావా_పలమనేరు
లివరు లోపలికి నొక్కి పైకి తిప్పితేనే కిక్కరు. గేరు లివరు నొక్కితే క్లచ్చు కూడా దానంతట అదే వదులుతాది, చెయ్యి అక్కర్లేదు. మీ నార్టన్లో ఉండాదా ఇది?

సైడ్‌వాల్వ్
ఫోర్‌స్ట్రోక్ వాళ్లకు దిగేటప్పుడు ఆ భయం లేదు, మూడో గేరులో ఇంజన్‌కు అప్పజెప్పి దిగొచ్చు. డ్రమ్ బ్రేకులు రెండూ ఒకేసారి కొనదాకా పట్టి ఉంచితే లైనింగు కాగి పట్టు వదిలేస్తుంది. పట్టు, వదులు, మళ్లీ పట్టు. కొత్త లైనింగు వేయించినప్పుడు షూ ముందంచు కొంచెం ఏటవాలుగా రుద్దితే కీచుమనదు, గుంజదు.

పీలేరు_పిస్టన్
ఈ బండ్లకు వింటేజ్ నంబరు తీసుకోవచ్చంటారే, ఎవరైనా తీసుకున్నారా?

పానాపెట్టె
2021లో రూలు వచ్చింది. 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపంలో ఉన్న బండికి. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. కొత్తగా 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆపైన రెన్యువల్ 5,000. మెలిక ఏమిటంటే రోజూ తిప్పుకోవడానికి కాదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు, వీటికే రోడ్డెక్కాలి. ఆదివారం ఆదివారం ఘాట్ ఎక్కాలనుకునేవాడు మామూలు ఆర్‌సీని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడమే మేలు. ఇంజన్, చాసిస్ నంబర్లు ఆర్‌సీలో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో బండి కొనేముందే చూసుకోండి.

చంద్రగిరి_ఎం20
ఆర్మేచర్ బయటికొచ్చింది, సేఫ్టీ స్క్రూ తీసే లాగినాను. మెగ్గర్ 500 మీద కండెన్సర్ చల్లగానే లీకు చూపించింది, డ్రయ్యర్ తగిలిస్తే ఇంకా పడిపోయింది. రీవైండింగ్‌కు, కెపాసిటర్ మార్పుకు కలిపి పంపినాను, వేడి టెస్టు చేసి ఇస్తామన్నారు. ఈలోపు హెడ్డు దించితే పిస్టన్ మీద కార్బన్ దట్టంగా ఉంది. ఇంకొకటి, ఆయిల్ ట్యాంకులో మట్టం పడిపోయింది. కింద ఎక్కడా కారిన జాడ లేదు.

సైడ్‌వాల్వ్
కారలేదు, క్రాంక్‌కేస్‌లోకి దిగింది. పంపు గేర్లు, బాల్ వాల్వ్ అరిగితే వారాలు నిలబెట్టిన బండిలో ట్యాంకు ఆయిలంతా కిందికి చేరుతుంది. అలాగే కిక్ కొడితే బ్రీదర్ లోంచి, సైలెన్సర్ లోంచి పొగే పొగ. కింది డ్రెయిన్ విప్పి వంపేసి, కొత్తది ట్యాంకులో పోయి. మన ఎండలకు ఎస్ఏఈ 50. స్టార్ట్ అయినాక ట్యాంకు మూత తీసి రిటర్న్ పైపు లోంచి ఆయిల్ వస్తోందో లేదో ప్రతిసారీ చూడు, రాకపోతే వెంటనే ఆపేయి. ట్యాంకుకూ పంపుకూ మధ్య కుళాయి పెట్టేవాళ్లున్నారు. వద్దు. తిప్పడం మరిచిన రోజు ఇంజన్ మూటగట్టాల్సిందే.

మాగ్నెటోమామ
కుళాయికి మాగ్నెటో ఎర్త్ వైరు కలిపి, కుళాయి మూసి ఉంటే స్పార్క్ రాకుండా చేసుకున్న ఏర్పాట్లు ఉన్నాయి. అట్లా అయితే పర్వాలేదు.

సైడ్‌వాల్వ్
ఆ స్విచ్చి ఏదో రోజు పనిచేయదు మామా. బాల్ సీటు సరిచేయించడమే పద్ధతి.

చంద్రగిరి_ఎం20
పెట్రోలు కుళాయి కూడా చెమ్మగిల్లుతోంది. కార్కు ఉన్న పాత రకం, నొక్కితే మూసుకునేది.

రేణిగుంట_రన్నర్
ఎథనాల్! ఆ కార్కులకు లక్క పూసి ఉంటే ఆల్కహాల్ దాన్ని కరిగిస్తుంది. ట్యాంకు లోపల పాతకాలపు సీలెంటు పోసి ఉంటే అది కూడా పొరలు పొరలుగా లేచి జెట్‌లో ఇరుక్కుంటుంది, అది కూడా ఒకసారి టార్చి వేసి చూడు.

పానాపెట్టె
కార్కు ఎండి కుంచించుకుపోయిందంతే. ప్లంజరు బయటికి లాగి మరిగే నీళ్లలో పది నిమిషాలు వేస్తే ఉబ్బుతుంది. దాని చివర చిన్న స్క్రూ ఉంటే అది కొంచెం బిగిస్తే కార్కు పక్కలకు విచ్చుకుంటుంది. అప్పటికీ కారితే కార్కు బదులు నైట్రైల్ ఓ రింగులు వేసుకునే ప్లంజర్లు దొరుకుతాయి. మాగ్నెటో వచ్చేదాకా బండి నిలబడి ఉంటుంది కదా, ట్యాంకూ ఫ్లోట్ చాంబరూ ఖాళీ చేసి పెట్టు. ఈ పెట్రోలు నిలవుంటే తేమ పీల్చి నీళ్లు అడుగుకు దిగుతాయి.

బుల్లెట్_చిత్తూరు
తీసిన పెట్రోలు నా బుల్లెట్‌లో పొయ్యి. చంద్రగిరి దాకా నేనే వస్తా, విట్‌వర్త్ సెట్టు పట్టుకొస్తా, కానీ పని అయ్యేదాకా నేను పక్కనే కూర్చుంటా.